లోపలి బట్ట

"లోపల బట్ట ఏదే?"

అక్క గౌనును తిరగేసి పట్టుకుంది. కుట్టు వెంట బొటనవేలు నడిపింది. చంక నుంచి అంచు వరకూ వెళ్లి, మళ్లీ పైకి వచ్చింది.

చెల్లెలికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. చేతిలోని టీ కప్పును కత్తిరింపు బల్లకు దూరంగా కిటికీలో పెట్టి దగ్గరకు వచ్చింది.

"ఏ బట్ట అక్కా?"

"మార్జిన్ బట్ట. కుట్టుకి ఇవతల రెండు వేళ్లు వదిలి కత్తిరించానా లేదా నేను? సుద్దతో గీత కూడా గీసిచ్చాను. అదేమైంది?"

"ఓ, అదా!" చెల్లెలు తేలికపడింది. "తీసేశాను. మన మిషనే కోసుకుంటూ పోతుంది కదా. చూడు, అంచు ఎంత శుభ్రంగా వచ్చిందో."

మూల ఇస్త్రీ చేస్తున్న బావ చేయి ఆగిపోయింది. ఆగిన పెట్టె కింద బట్ట వాసన మారేసరికి గబుక్కున ఎత్తాడు.

"అన్నిటికీనా?" అన్నాడు.

"అన్నిటికీ బావా. రెండు డజన్లూ. నిన్ననే అయిపోయాయి."

అక్క గౌనును బల్ల మీద పెట్టింది. ఇంకోటి తీసి తిరగేసింది. ఇంకోటి. నాలుగోదాన్ని తిరగేయలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"నా కొంప ముంచావు కదే!"

ఆ కొట్టు పేరు నిలబడింది ఆ రెండు వేళ్ల బట్ట మీదే. స్కూలు తెరిచే ముందు గౌను కుట్టించుకున్న పిల్ల ఆరు నెలలకి ఒళ్లు చేస్తుంది. తల్లి ఆ గౌను తెచ్చి బల్ల మీద పడేస్తుంది. అక్క పాత కుట్టు విప్పి, లోపలి బట్ట వదిలి, ఆ తల్లి కబుర్లు అయిపోయే లోపు కొత్త కుట్టు వేసి ఇచ్చేస్తుంది. ఒకే గౌను అక్కాచెల్లెళ్లిద్దరినీ బడికి తీసుకెళ్లిన ఇళ్లు ఆ వీధిలో చాలా ఉన్నాయి.

చెల్లెలు ఆ ఊళ్లో పెరిగిందే. కానీ పదకొండేళ్లు పరాయి దేశంలో, చొక్కాల ఫ్యాక్టరీలో, అంచు కోస్తూ కోసిన చోటే దారం అల్లుకుపోయే మిషను ముందు కూర్చుంది. మూడు నెలల కిందట భర్తతో, కూతురితో తిరిగొచ్చి అక్క ఇంటి మేడ మీద దిగింది. వస్తూ వస్తూ అలాంటి మిషనే ఒకటి వెంట తెచ్చుకుంది. పెట్టెల్లో సగం బరువు అదే.

"నన్ను ఒక్కమాట అడగొచ్చుగా?" అంది అక్క.

"నువ్వు ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"ఇది చెప్పాలా? ముద్ద నోట్లో పెట్టుకోమని కూడా చెప్పమంటావా?"

"అక్కా, అక్కడ మార్జిన్ మిగిలితే చొక్కా వెనక్కి వచ్చేది. నా పక్కనావిడని అందుకే పనిలోంచి తీసేశారు. నా చేతికి వచ్చింది అదే."

"మరి అక్కడ పిల్లలు పెరగరా?"

"పెరుగుతారు. పెరిగితే కొత్తది కొనుక్కుంటారు."

"పాతదాన్ని ఏం చేస్తారు?"

చెల్లెలు ఆలోచించింది. పదకొండేళ్లలో ఎన్ని చొక్కాలకు అంచు కుట్టిందో ఆమెకే తెలియదు. ఒక్క పాత చొక్కానైనా చేత్తో పట్టుకున్న గుర్తు లేదు.

"తెలీదు" అంది.

"తెలీదు! అక్కడ ఇలా, అక్కడ అలా. మూడు నెలలుగా చెవులు తూట్లు పడుతున్నాయి. కొట్టుకొచ్చిన వాళ్లకి అట్టముక్కల మీద నంబర్లు రాసిచ్చి వరసలో నిలబెట్టావు. ఊరుకున్నాను. నా గదిలోకి రావడానికి మేడ మీంచి ఫోన్ చేశావు. ఊరుకున్నాను. కత్తెర అందిస్తే థ్యాంక్స్, సుద్ద అందిస్తే థ్యాంక్స్. అదీ ఊరుకున్నాను. అంత బాగుంటే అక్కడే ఉండాల్సింది!"

అన్నాక అక్కకే ఎక్కడో గుచ్చుకుంది. కానీ మాట అప్పటికే బల్ల దాటింది.

"ఫ్యాక్టరీ వాళ్లు వచ్చి ఉండమనే అంటున్నారు" అంది చెల్లెలు మెల్లగా. "నా సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదట."

"ఆ ఫోన్ సంగతి నాకు తెలీదనుకోకు. పిచ్చుక చెప్పింది. ఇవాళ్టికల్లా ఏదో ఒక మాట చెప్పాలట కదా. నువ్వు మాత్రం నాతో చెప్పలేదు."

పిచ్చుక చెల్లెలి కూతురు. ఇంట్లో దాని దగ్గర ఏ రహస్యమూ రెండు పూటలు నిలవదు.

ఆ తరువాత ఇద్దరూ చెరో వైపు తిరిగారు.

అక్క గౌనులను మళ్లీ దొంతర పెట్టింది. చెల్లెలు మిషను మీద మూత వేసింది. మూత సరిగా పడలేదు. తీసి మళ్లీ వేసింది.

"ఏమండీ" అంది అక్క గోడ వైపు చూస్తూ, "స్కూలు పెద్ద టీచరమ్మ గౌనుల కోసం రేపు వస్తుంది. ఆవిడ ముందు గౌను తిరగేసి చూస్తుంది, తర్వాతే పైవైపు చూస్తుంది. ఏం చెప్పాలో మీ మరదలిని అడగండి."

"బావా, తప్పు నాదేనని నేనే చెప్తాను, మీ ఆవిడ నోరు విప్పనక్కర్లేదని చెప్పండి."

"తప్పెవరిదైనా కొట్టు నాదని చెప్పండి."

"కొట్టు తనదేనని నాకు ఇంతకు ముందే అర్థమైందని చెప్పండి."

బావ పెట్టెను నిలబెట్టాడు. "మీ ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక బల్ల. దానికి పోస్టాఫీసు కావాలా? నాకు ఇస్త్రీ ఉంది."

తలుపు తోసుకుని ఎదురు వీధి బొత్తాల కొట్టు ఆవిడ వచ్చింది. ఆవిడ తలుపు కొట్టదు. కొట్టాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, చెల్లెలు తప్ప.

"టోకెన్ తీసుకోవాలా అమ్మా, ఊరికే వచ్చేయొచ్చా?" అని కూర్చుంది. "ఏంటి, ఇల్లంతా ఇంత మూగగా ఉంది? ఎవరన్నా పోయారా? అన్నట్టు మీ ఆయన బండి పని ఎంతవరకు వచ్చిందమ్మా? పొద్దున్నే చూశాను. ఎండ మండిపోతుంటే మలుపు దగ్గర అద్దం తుడిచే పుల్లలు ఆడిస్తున్నాడు."

చెల్లెలి భర్త అక్కడ లారీ నడిపాడు. అక్కడ మలుపు దీపం మీట ఒక చేతి కింద, ఇక్కడ ఇంకో చేతి కింద; పాత చేయి నొక్కితే ఇక్కడ అద్దం పుల్లలు ఆడతాయి. లైసెన్సు కోసం నెల రోజులుగా ఆ చేతితో కుస్తీ పడుతున్నాడు. వీధిలో పిల్లలు ఆయన బండి కనబడగానే వాన వస్తోందని అరుస్తారు.

చెల్లెలికి నవ్వు వచ్చింది. ఆపుకుంది. అక్కకీ వచ్చింది. ఆమె గోడ వైపు తిరిగి ఆపుకుంది.

"సరే, అసలు సంగతి విను" అంది బొత్తాల ఆవిడ. "మీ పెద్ద టీచరమ్మ రిబ్బన్ల కోసం మా కొట్టుకి వచ్చింది. రేపు ఆవిడకి తీరదట. ఇవాళే, దీపాలు పెట్టే వేళకి వస్తానంది. గౌనులు సిద్ధం చేసి ఉంచమంది."

అక్క లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది.

"ఇవాళా?"

"ఇవాళే. ఏం, అవలేదా? అదిగో, దొంతర కనిపిస్తోందిగా!"

బొత్తాల ఆవిడ ఒకరి మొహం తరువాత ఒకరి మొహం చూసింది. ఒక గౌను తీసి తానే తిరగేసింది. ఊళ్లో అందరికీ ఆ అలవాటు అక్క చేసిందే.

"అయ్యో" అంది. ఆవిడ అంత తక్కువ మాట్లాడటం బావ ఎప్పుడూ వినలేదు.

చెల్లెలు కిటికీ కింద వరసగా పెట్టిన డబ్బాల దగ్గరకు వెళ్లింది. అవీ ఆమె వచ్చాక వెలిసినవే. నీలం ముక్కలకి ఒకటి, తెల్లవాటికి ఒకటి, దారపు తుక్కుకి ఒకటి. ఫ్యాక్టరీలో అలా వేరు చేయకపోతే ఒప్పుకోరు. ఇక్కడ తుక్కంతా ఒకే సంచిలోకి ఊడ్చి సాయంత్రానికి బయట పెడతారు. ఈ డబ్బాలు చూసి చెత్తకి కూడా తలో గది కట్టించిందని ఊరంతా నవ్వింది.

నీలం డబ్బా మూత తీసింది.

"బావా" అంది, "కోసిన బట్ట పారేయలేదని చెప్పండి."

"ముక్కలతో ఏం చేస్తుందట?" అంది అక్క. "జిగురు పెట్టి అతికిస్తుందా?"

"ముక్కలు కావు. కుట్టు ఎంత పొడుగో అంత పొడుగు పట్టీలు. చంక నుంచి అంచు దాకా ఎక్కడా తెగలేదు. ముందు భాగందీ వెనక భాగందీ ఒకేసారి తెగాయి కాబట్టి జత జతగానే ఉన్నాయి."

అక్క ఇటు తిరిగింది. "ఏదీ, చూడనీ."

బావ తృప్తిగా పెట్టె అందుకున్నాడు. పోస్టాఫీసు మూతపడింది.

అక్క ఒక జత పట్టీలను బల్ల మీద పరిచింది. ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక వైపు గుండుసూదులు గుచ్చింది. తెరిచింది. మూసింది. గౌను పక్క కుట్టు మీద పెట్టి చూసింది. సుద్ద కోసం చేయి చాపింది. చెల్లెలు అందించింది.

"ఈ రెండింటినీ ఒక అంచున కలిపి కుడితే పుస్తకంలా తెరుచుకుంటుంది" అంది అక్క తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "పక్క కుట్టు విప్పి, ఒక అట్ట ముందు భాగానికి, ఒక అట్ట వెనక భాగానికి. పుస్తకం మూసి లోపలికి తోసి, పాత కుట్టు దారినే మళ్లీ కుట్టు. పైకి ఏమీ కనబడదు."

"ఆరు నెలలకి పిల్ల లావైతే?"

"ఆ పై కుట్టు ఒక్కటీ విప్పితే పుస్తకం తెరుచుకుంటుంది."

"పోయిన బట్ట దాని చోటికే వస్తుంది!"

"వస్తుంది. కానీ ప్రతి పట్టీ అంచూ ముందు అల్లాలి. లేకపోతే పీచు లేచిపోతుంది. చేత్తో అల్లితే వచ్చే ఏడాదికి అవుతుంది."

చెల్లెలు అప్పటికే మిషను మూత తీసింది. "ఆ కత్తి ఊడదీసి మరీ అల్లుతాను. సరేనా?"

"ఊడదీసి నా చేతికియ్యి. నేను దాచిపెడతాను."

బావకి కుట్లు విప్పే పని పడింది. బొత్తాల ఆవిడ వెళ్లిపోతుందేమో అనుకుంటే, చెప్పులు విడిచి గోడ వార కూర్చుంది. "నాకూ ఒక బ్లేడు ఇవ్వండి. కొట్టు దగ్గర మా ఆయన ఉన్నాడులే."

"మీకెందుకండీ శ్రమ" అంది చెల్లెలు. "మిమ్మల్ని అలా వాడుకోవడం బాగుండదు."

"ఏంటమ్మా, నేను వేలు కోసుకుంటానని భయమా?"

"వదిలెయ్యవే" అంది అక్క తన మిషను తొక్కుతూ. "ఆవిడ వచ్చింది పని చేయడానికి కాదు. జరిగేదంతా చూసి రేపు చెప్పుకోవడానికి. పని ఊరికే తోడు."

బొత్తాల ఆవిడ ఆ మాటకి ఎంత నవ్విందంటే బ్లేడు కింద పడింది.

మధ్యాహ్నం గడిచింది. బల్లకి ఇటు కొస జతలు, అటు కొస విప్పిన గౌనులు. చెల్లెలు అల్లిన పట్టీ అక్క ఒళ్లో పడేది. అక్క కుట్టిన గౌను బావ బల్ల మీద పడేది. మొదట్లో చెల్లెలు పట్టీని మడిచి చేతికి అందించింది. తరువాత మడవడం మానేసింది. ఆ తరువాత అందించడం మానేసి విసరడం మొదలుపెట్టింది.

స్నేహితురాళ్ల దగ్గర నుంచి పిచ్చుక వచ్చింది. గుప్పిట్లో ఏవో గులకరాళ్లు.

"పెద్దమ్మా, నా గౌను కుట్టారా? జేబు పెట్టారా?"

"గౌనుకి జేబేంటే? ఎవరు పెట్టుకుంటారు?"

"మా పాత స్కూల్లో అందరికీ ఉండేది. జేబు లేకపోతే ఇవి ఎక్కడ పెట్టుకోవాలి?" అని గుప్పిట తెరిచి చూపించింది. "అబ్బాయిల నిక్కరుకి ఉంటుంది కదా. అమ్మాయిలకి సామాన్లు ఉండవా?"

బావ తల ఎత్తాడు. "న్యాయమైన ప్రశ్నే."

"మీరు విప్పండి ముందు" అంది అక్క. "ఇక్కడ పీకలదాకా పని ఉంటే గులకరాళ్లకి గూడు కావాలట."

పిచ్చుక గౌను పక్క కుట్టు అప్పటికి విప్పే ఉంది. చెల్లెలు అటూ ఇటూ చూసింది. అక్క దారం మారుస్తోంది. నీలం డబ్బాలో అరచేయంత ముక్క ఒకటి దొరికింది. పట్టీ మీద, నడుము కిందుగా, ఒక సంచి కుట్టి, కుట్టులో చేయి పట్టేంత సందు వదిలింది. గౌను మూసేశాక బయటికి ఏమీ తెలియలేదు. దాన్ని దొంతర అడుగున పెట్టింది. తరువాత చెప్పొచ్చులే అనుకుంది.

"అక్కా, కత్తెర ఇటు పడెయ్" అంది.

కత్తెర బల్ల మీద జారుకుంటూ వచ్చింది. చెల్లెలు దారం తెంపి మళ్లీ అటు తోసేసింది. పనిలో పడిపోయింది.

అక్క కాలు మిషను మీద ఆగింది. చెల్లెలు థ్యాంక్స్ చెప్పలేదు. అక్క భర్త వైపు చూసింది. ఆయన కూడా విన్నాడు. మిషను మళ్లీ కదిలింది.

చివరి గౌను మీద పెట్టె ఆవిరి ఇంకా ఉండగానే తలుపు దగ్గర పెద్ద టీచరమ్మ గొంతు వినిపించింది. అంతకు క్షణం ముందు బావ దొంతరను తలకిందులుగా తిప్పి బల్ల మధ్యకి తెచ్చాడు. వేడివి కింద ఉండాలని ఆయన ఉద్దేశం. అడుగున ఉన్న గౌను పైకి వచ్చింది.

చెల్లెలు పిచ్చుక గౌనును లాగేయబోయింది.

పెద్ద టీచరమ్మ కూర్చోలేదు. పై గౌను తీసి తిరగేసింది. మెడ చూసింది, చేతులు చూసింది. పక్క కుట్టు దగ్గర ఆగింది. మడత పట్టీని రెండు వేళ్లతో తెరిచింది.

"ఇది కొత్తగా ఉందే!"

"అవునండీ" అంది అక్క. "ఈసారి లోపలి బట్ట ఇలా పెట్టాం. విప్పితే ముందుకన్నా బాగా వదులవుతుంది."

చెల్లెలు ముందుకు వచ్చింది. "అసలు జరిగిందేంటంటేనండీ, నేను..."

"మా చెల్లెలు పెట్టింది" అంది అక్క, ఆ మాటకి అడ్డం పడి. "అక్కడ నేర్చుకొచ్చింది."

గోడ వార బొత్తాల ఆవిడ దగ్గింది. ఆ దగ్గు ఆవిడకి చాలా కష్టం మీద ఆగింది.

పెద్ద టీచరమ్మ చేయి ఇంకా కిందికి నడిచింది. నడుము దగ్గర వేళ్లు లోపలికి పోయాయి. మొదళ్ల దాకా పోయాయి.

అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు నేల వైపు చూసింది.

"గౌనుకి జేబు పెట్టమని ఎవరు చెప్పారు?"

"అది మా పాప గౌనండీ" అంది చెల్లెలు. "ఒక్కదానికే పెట్టాను. ఇప్పుడే తీసేస్తాను. సారీ."

పెద్ద టీచరమ్మ జేబు అడుగు తడిమి చూసింది. చేయి బయటకు తీసింది. కళ్లజోడు తీసి జేబులో వేసింది. గౌనును భుజాల దగ్గర పట్టుకుని ఒకసారి ఊపింది. కళ్లజోడు పడలేదు. మళ్లీ తీసి పెట్టుకుంది.

"మా పిల్లలు రుమాళ్లు పోగొట్టుకుంటారు. పెన్సిళ్లు జడల్లో గుచ్చుకుని వస్తారు. ఎందుకో నాకు ఇప్పుడు అర్థమైంది" అంది. "ఎల్లుండి స్కూలు. అన్నిటికీ పెట్టగలరా?"

రోజంతా వంగి ఉన్న అక్క నడుము పట్టుకుపోయింది. బావ వేళ్ల నిండా దారపు పీచు. ఇస్త్రీ అయిన రెండు డజన్ల గౌనులు. అన్నీ మళ్లీ విప్పాలి.

"పెట్టగలం" అంది అక్క. ఎవరినీ అడగలేదు.

పెద్ద టీచరమ్మ గుమ్మం దాటగానే బొత్తాల ఆవిడ బిగపట్టిన నవ్వంతా వదిలేసింది. "అక్కడ నేర్చుకొచ్చిందట! అబ్బ, మొహం ఎలా పెట్టి చెప్పావమ్మా!" బావ గోడకి ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. అక్క కోపంగా ఉండాలని చూసి, కుదరక, బల్ల మీద తల వాల్చి నవ్వింది. ఏం జరిగిందో తెలియని పిచ్చుక కూడా పెద్దలు నవ్వుతున్నారని నవ్వింది.

ఆ నవ్వుల మధ్య గౌనుల కింద ఎక్కడో ఫోన్ మోగింది.

చెల్లెలు వెతికి తీసింది. పేరు చూసింది. అక్క తల ఎత్తింది.

"ఫ్యాక్టరీయేనా?"

"అవును."

గదిలో నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

"మరి చూస్తావేం? మాట్లాడు" అంది అక్క. పై గౌను తీసుకుని తిరగేసింది. బ్లేడు కోసం తడుముకుంది. "ఇక్కడ మిషను చప్పుడు. మెట్ల దగ్గరికి వెళ్లి మాట్లాడు."

చెల్లెలు మెట్ల మీదికి వెళ్లింది. వీధిలో దీపాలు వెలిగాయి. భర్త బండి మలుపు తిరుగుతోంది. ఈసారి దీపమే వెలిగింది.

అటువైపు ఫ్యాక్టరీ పెద్దాయన ఆ దేశపు భాషలో పలకరించాడు. సీటు ఆపి ఉంచానని, రేపు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని, మాట ఇవాళే కావాలని చెప్పాడు. ఆమె సరైన మాటల కోసం వెతుక్కుంటోంది.

"చెల్లీ!" లోపలి నుంచి అక్క కేక. "జేబు ఎంత లోతు పెట్టావే?"

"నాలుగు వేళ్లు!" అని అరిచింది, ఫోన్ నోటి దగ్గరే పెట్టుకుని.

అటువైపు గొంతు సవరించుకున్న చప్పుడు.

"మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు" అన్నాడు పెద్దాయన మర్యాదగా. "వస్తానన్నారా, రానన్నారా?"

"ఎవరి వేళ్లు?" లోపలి నుంచి అక్క మళ్లీ అడిగింది. "నీవా, నావా?"

ఇద్దరికీ ఇప్పుడే జవాబు కావాలి. చెల్లెలు నోరు తెరిచింది.